కొలిమిలోనే ఉండిపోవాలా?

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. తొమ్మిది పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆమె వయసు 38. ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 9,000. భర్త ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవారు. ఏడాదిన్నర కిందట పనిలో ఉండగా పలక జారి నడుం మీద పడింది. ఆపరేషన్ అయింది. నడవగలుగుతున్నారు గానీ బరువు ఎత్తలేరు, గంటకు మించి ఒకచోట కూర్చోలేరు. ఓనరు ఆసుపత్రికి వచ్చి 20,000 చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. డ్వాక్రా అప్పు, వారం వారం కట్టే ఫైనాన్సు, బ్యాంకులో కుదువ పెట్టిన గాజులు, అన్నీ కలిపి బాకీ నాలుగున్నర లక్షలు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, కూతురు తొమ్మిదో తరగతి.

చిన్నప్పటి నుంచీ ఆమె దేవుణ్ణి నమ్ముకున్న మనిషి. ప్రమాదం జరిగిన కొత్తలో సంఘపెద్ద ఒకాయన, "దేవుడు మిమ్మల్ని కొలిమిలో పెట్టాడు, మేలిమి బంగారంగా తీస్తాడు" అంటే ధైర్యం వచ్చిందట. ఏడాది గడిచాక అదే పెద్ద, "ఇంకా తీయలేదంటే ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకో" అన్నారు. ఇంకొకరు 10,000 విత్తన కానుక, అంటే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని నమ్మి ముందుగా వేసే కానుక, మొక్కుకోమన్నారు. నష్టపరిహారం సంగతి ఎత్తితే, విశ్వాసులు కోర్టుకెక్కకూడదన్నారు. ఇంతలో హైదరాబాదులో ఉన్న అక్క ఒక లేడీస్ హాస్టల్లో వార్డెన్ పని చూసింది. జీతం 18,000, ఉండటానికి పోర్షన్, భోజనం. ఆ మాట చెప్పగానే సంఘపెద్ద, "పరీక్ష మధ్యలో లేచిపోతే మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది" అన్నారట. భర్త ఏ మాటా చెప్పడం లేదు. కొడుకు మాత్రం చర్చికి రావడం మానేసి, "నాన్న నడుం విరగ్గొట్టి నీకు పాఠం చెప్పాలా నీ దేవుడు?" అని అడిగాడు. ఆమెకు ఒంట్లో రక్తం తక్కువని డాక్టరు చెప్పినా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటూనే ఉన్నారు.

ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. దేవుడు నన్ను దేనికి సిద్ధం చేస్తున్నాడు? ఇంకెంత కాలం? నేను వెళ్ళిపోతే పరీక్ష తప్పినట్టేనా? చివర్లో ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా అక్షరాలు కనబడుతున్నాయి: "పడుకునేటప్పుడు, తెల్లారకపోతే బాగుండు అనిపిస్తోంది."

సోదరీ, ముందుగా మీరు కొట్టేసిన ఆ మాట గురించి మాట్లాడదాం. విశ్వాసి అన్నాక ఇలా అనుకోకూడదని కొట్టేసి ఉంటారు. కానీ ఏలీయా ప్రవక్త ఆ మాట దేవుడికే చెప్పాడు. కర్మెలు కొండ మీద అంత విజయం చూసినవాడు, ఆ వెంటనే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసేయి, ఇక చాలు అన్నాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం ఇంకోసారి చదవండి. నీ విశ్వాసం ఏమైందని దేవదూత అతన్ని అడగలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అతన్ని అడిగింది ఆ తర్వాతే.

అందుకని మీరూ ముందు తినండి. శుక్రవారం ఉపవాసాలు ప్రస్తుతానికి ఆపేయండి. రక్తం తక్కువైన మనిషి, పగలంతా స్కూల్లో నిలబడే మనిషి, ఇంటికొచ్చి ముగ్గురికి వండే మనిషి ఉపవాసం ఉండి తీరాలని దేవుడు ఎక్కడా అడగలేదు. ఆ కొట్టేసిన మాటను మీకు దగ్గరైన ఒక్కరితోనైనా పైకి చెప్పండి. మీ అక్కకు చెప్పండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం ఉంది, నంబరు 14416. రాత్రి ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రోజుల తరబడి ఉంటే, రక్తానికి మందు రాసే డాక్టరుకే ఆ సంగతీ చెప్పండి. అనిపించడం దాటి, ఎలా చచ్చిపోవాలా అనే ఆలోచన దాకా వెళితే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. పక్కింటివాళ్ళనైనా లేపండి.

ఇప్పుడు కొలిమి సంగతి. ఆ పెద్దాయన వాక్యంలో లేనిది చెప్పలేదు. ఇబ్బంది కొలిమిలో నిన్ను పరీక్షించానని యెషయా 48లో దేవుడే అంటాడు. అగ్నిపరీక్షకు నిలిచే బంగారం కంటే విశ్వాసం విలువైనదని పేతురు రాశాడు. శ్రమ ఓర్పునూ, ఓర్పు పరీక్షకు నిలిచిన స్వభావాన్నీ, అది నిరీక్షణనూ కలిగిస్తుందని పౌలు రోమీయులకు రాశాడు. దేవుడు మనిషిని శ్రమల్లో మలుస్తాడని నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను. నాకు అభ్యంతరం ఒకచోటే ఉంది. ఆ మాట ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెబుతున్నారు అన్నచోట.

యోసేపును చూడండి. అన్నలు అమ్మేసేనాటికి అతని వయసు 17. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి 30. మధ్యలో పదమూడేళ్ళు, బానిసత్వం, నింద, చెరసాల. చివరికి అతను అన్నలతో అంటాడు, మీరు నాకు కీడు చేయాలనుకున్నారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడని. ఎంత గొప్ప మాట! అయితే ఆ మాట అన్నది యోసేపు. దెబ్బ తిన్నవాడు, అంతా గడిచాక, తన నోటితో తాను అన్నాడు. అదే మాట, అమ్మేసే ముందు అతన్ని గుంటలో పడేసి, గట్టు మీద కూర్చుని భోంచేస్తున్న అన్నలు లోపలికి వంగి చెప్పి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. "తమ్ముడూ, దేవుడు నిన్ను సిద్ధం చేస్తున్నాడు, ఓర్చుకో." వాక్యంగా తప్పులేదు. కానీ గుంటలో పడ్డవాణ్ణి పైకి లాగాల్సిన చేతులు పక్కన పెట్టుకుని ఆ మాట అంటే అది క్రూరత్వం. మీ శ్రమకు అర్థం ఏమిటో ఏదో ఒక రోజు మీరే చెబుతారు, చెప్పలేకపోయినా ఫరవాలేదు. మీ బదులు ఇంకొకరు ఇప్పుడే తేల్చేస్తే ఒప్పుకోనక్కరలేదు.

దాచిన పాపం మాటకు ఎక్కువ చెప్పను. అన్నీ పోగొట్టుకున్న యోబును చూడ్డానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతనితో నోరెత్తకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడుచేశారు. నీ వల్లే ఇదంతా వచ్చిందన్న వాళ్ళ వాదన తనకు కోపం తెప్పించిందని దేవుడే చివర్లో చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే ప్రభువు రెండూ కాదన్నాడు. సరిగా కట్టని పలక జారితే దానికి జవాబు యూనిట్లో వెతకాలి, మీ మనస్సాక్షిలో కాదు. రోజూ ఎవరం చేసే తప్పులు వాళ్ళం ఒప్పుకుంటాం, అది వేరే సంగతి.

వెళ్ళిపోతే పరీక్ష తప్పినట్టా అని అడిగారు. యోసేపు దగ్గరే ఇంకో నిమిషం ఆగుదాం. చెరసాలలో తనతో ఉన్న, ఫరోకు పానీయం అందించే పానదాయకుల అధిపతి కలకు అర్థం చెప్పి, అతను విడుదల అవుతాడని తెలియగానే యోసేపు ఏం చేశాడు? దేవుడు నన్నిక్కడ తయారు చేస్తున్నాడు, నేను కదలను అన్నాడా? నన్ను గుర్తుపెట్టుకో, ఫరోకు నా సంగతి చెప్పి నన్ను ఇక్కణ్ణుంచి బయటికి రప్పించు, నేను ఏ నేరమూ చేయలేదు అని బతిమాలాడు. బయటపడే దారి కనబడగానే అడిగాడు. ఆ మనిషి మరిచిపోయాడు, ఇంకో రెండేళ్ళు గడిచాయి. అడిగినందుకు దేవుడు యోసేపును తప్పుపట్టినట్టు ఎక్కడా లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువు కూడా ఈ శ్రమల గిన్నె తొలగిపోతే బాగుండునని తండ్రిని అడిగాడు. ఒంట్లో ముల్లులా ఉన్న బాధ తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు.

వెళ్ళడమే ఎప్పుడూ సరైనదని కూడా బైబిలు చెప్పదు. దమస్కులో పౌలును చంపాలని కాచుకుంటే, శిష్యులు గంపలో పెట్టి గోడ మీంచి దించేశారు, అతను తప్పించుకున్నాడు. అదే పౌలు ఫిలిప్పీ చెరసాలలో తలుపులన్నీ తెరుచుకున్నా కదల్లేదు, తను వెళితే చెరసాల అధికారి కత్తి దూసి చచ్చిపోయేవాడు. ఒకే మనిషి, ఒకచోట వెళ్ళాడు, ఒకచోట ఆగాడు. నా లెక్కలో మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: నేను వెళితే ఎవరి ప్రాణం నిలబడుతుంది, ఉంటే ఎవరి ప్రాణం నిలబడుతుంది?

మీ ఇంటికి దాన్ని వర్తింపజేసి చూద్దాం. వెంటనే హైదరాబాదు వెళితే జీతం రెట్టింపు, ఇంటి అద్దె, మీ భోజనం ఖర్చు తప్పుతుంది, వారం ఫైనాన్సు ముందు తెగుతుంది. కానీ కొడుకు పబ్లిక్ పరీక్షల ముందు కాలేజీ మారలేడు, వాణ్ణి ఇక్కడ ఎవరి దగ్గరో వదలాలి. నాన్న నడుం గురించి అంత కోపంతో ఉన్న పిల్లవాణ్ణి ఇప్పుడు ఒంటరిగా వదలడం నాకు భయంగానే ఉంది. రెండో దారి, ఆ పని పరీక్షలయ్యేదాకా ఆపగలరా అని అక్క ద్వారా కనుక్కోవడం. ఆగితే ఇద్దరు పిల్లలతో, భర్తతో కలిసి వెళ్ళొచ్చు. ఆగకపోతే ఆ పని పోతుంది, అయినా వార్డెన్ పనులు ఆ ఒక్కచోటే ఉండవు. అప్పటిదాకా వారం కట్టుబడి ఎలా అన్నది మాత్రం పెద్ద ప్రశ్నే. అక్క కొంత చేబదులు ఇవ్వగలదా, ఫైనాన్సువాళ్ళు కొన్ని నెలలు వడ్డీ మాత్రం కట్టించుకుంటారా అని మొహమాటం లేకుండా అడగాలి. మూడోది, మీరు ఇక్కడే ఉండి పరిహారం, పెన్షన్ వచ్చేలా ప్రయత్నించడం. ఊరు, స్కూలు, తెలిసిన మనుషులు పోరు. కానీ డబ్బు వచ్చేసరికి చాలా ఆలస్యం కావచ్చు, మీ ఒళ్ళు అప్పటిదాకా తట్టుకుంటుందా? నేనైతే రెండోదాని వైపు మొగ్గుతాను. మీ ఇంట్లో పరిస్థితి మీకే తెలుసు కాబట్టి, నేను చెప్పానని మాత్రం చేయకండి.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా మీ భర్తతో మాట్లాడకుండా కుదరదు. ఆయన ఏ మాటా చెప్పడం లేదని రాశారు. సంపాదించే మనిషి ఒక్క రోజులో మంచాన పడితే మాట పోతుంది. భార్య జీతం మీద, భార్యకు ఇచ్చిన పోర్షన్‌లో బతకాలంటే ఆయనకు ఎలా ఉంటుందో ఆయనే చెప్పాలి. వెళదామా వద్దా అని అడిగితే నీ ఇష్టం అనేస్తారు. అక్కడికి వెళితే మీకు ఏది కష్టంగా ఉంటుంది అని అడిగి చూడండి. పిల్లలు పడుకున్నాక అడగండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు.

మీ జిల్లాలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను, ఎందుకంటే శ్రమ దేవుడు పంపిన పాఠం కాబట్టి అనుభవించాల్సిందే అనే బోధ మీ ప్రాంతపు విశ్వాసులకు ఉండాల్సింది కాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు చుట్టుపక్కల జనం అల్లాడిపోయారు. అప్పటికి అక్కడ బాప్టిస్టు మిషన్ నడుపుతున్న జాన్ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని, కూలి ఇప్పించారు. పలుగు, పార, తట్ట, సాయంత్రానికి కూలి. కూడు కోసం ఎవరూ మతంలో చేరకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. సాయం పని ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు ఆ తెలుగు మిషన్ దశాబ్దాల పాటు ఫలితం లేక, మూసేద్దామన్న మాట అమెరికా బోర్డులో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అన్నేళ్ళ ఎదురుచూపును దేవుడు సిద్ధం చేసిన కాలం అని వెనక్కి చూసి చెప్పుకుంటాం, సరే. కానీ కరువులో ఉన్నవాళ్ళకు ఆనాడు అందింది ముందు పని, కూలి. మీ సంఘంలో ఎవరైనా మీ భర్తకు కూర్చుని లేచే వీలున్న పని ఒకటి చూపించారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చదువుతుంటే నా మనసు కష్టపడింది.

పరిహారం విషయం ఆలస్యం చేయొద్దు. పనిలో ఉండగా దెబ్బ తగిలిన కార్మికుడికి చట్టం ప్రకారం పరిహారం హక్కు ఉంది. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. తగిన కారణం ఉంటే ఆ తర్వాత కూడా తీసుకోవచ్చు గానీ దాని మీద ఆధారపడకండి. ఏడాదిన్నర అయిందంటున్నారు, అంటే మీ చేతిలో కొన్ని నెలలే ఉన్నాయి. సంతకం పెట్టిన కాగితం గురించి భయపడ్డారు. పరిహారం వదులుకుంటున్నట్టు రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదని అదే చట్టం చెబుతోంది. మీ భర్త జీతంలో ఈఎస్‌ఐ కోసేవారా అని పాత జీతం చీటీలు చూడండి. కోసి ఉంటే దారి వేరు, ఈఎస్‌ఐ ఆఫీసుకు వెళ్ళాలి. లేకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. లాయరు ఫీజుకు డబ్బు లేదంటే జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకూ, ఆదాయం తక్కువైనవాళ్ళకూ ఉచితంగా లాయరును ఇస్తారు. దాంతో పాటు సదరం శిబిరంలో మీ భర్తకు పరీక్ష చేయించండి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉందని సర్టిఫికెట్ ఇస్తే పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సచివాలయంలో అడిగితే తేదీ చెబుతారు.

విశ్వాసి కోర్టుకెక్కకూడదంటూ మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చూపించి ఉంటారు. అక్కడ పౌలు మాట్లాడింది, సంఘంలో సోదరుల మధ్య తగాదాలను బయటివాళ్ళ ముందుకు లాక్కెళ్ళడం గురించి. ఆ పౌలే, విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసిన ఫిలిప్పీ అధికారులు గుట్టుగా వదిలేస్తామంటే ఒప్పుకోలేదు, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. కొరడాలతో కొట్టబోతే నేను రోమా పౌరుణ్ణని చెప్పాడు. చివరికి రోమా చక్రవర్తి కైసరు దగ్గర చెప్పుకుంటానన్నాడు. ఓనరును క్షమించండి, ద్వేషం పెట్టుకోకండి. కానీ పరిహారం మీ పిల్లల అన్నం. దాన్ని మీరు క్షమాపణ కింద వదిలేసే అధికారం మీకు లేదని నా అభిప్రాయం.

విత్తన కానుక గురించి ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సారెపతు విధవరాలు ఉన్న పిడికెడు పిండితో ముందు ఏలీయాకు రొట్టె చేసిందని చెప్పి ఉంటారు. నిజమే. కానీ ఆ ప్రవక్త ఆమె ఇంట్లోనే ఉండి అదే తొట్టిలో పిండి తిన్నాడు, ఆమె కొడుకు చనిపోతే దేవుడికి మొరపెట్టి బతికించాడు. ఇంకో విధవరాలి కథ మీ కథకు ఎక్కువ దగ్గర. రెండో రాజులు నాలుగో అధ్యాయంలో అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వస్తాడు. ఎలీషా ప్రవక్త ఆమెను కానుక అడగలేదు. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. నూనె దొరికాక, అమ్మి అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు తెచ్చిన పదివేలు కానుక వేస్తే, దేవుడికి ఇచ్చినట్టు కాదు, ఫైనాన్సువాడి డబ్బు సంఘానికి ఇచ్చి బాకీ మీ పిల్లల మీద వేసినట్టు. దేవుడికి అర్పితం అనే పేరు పెట్టి తల్లిదండ్రుల్ని ఆదుకోకుండా తప్పించుకునేవాళ్ళను ప్రభువు మందలించాడు. ప్రతి ఆదివారం మీరు వేసే చిన్న కానుక వేస్తూనే ఉండండి. మొక్కుకోమన్నది ఇవ్వకండి. ఇవ్వనందుకు చిన్నచూపు చూస్తారేమో, ముందు వరసలో కూర్చోనివ్వరేమో. ఆ బాధ ఉంటుంది. అప్పు బాధకన్నా అది తేలికే.

మీ పాస్టరు గారు మంచివారే, మెతక మనిషి అని రాశారు. సంఘపెద్ద మాటలు ఆయనకు తెలుసో లేదో. ఒకసారి మీరూ మీ భర్తా ఆయన ఇంటికి వెళ్ళి, వచ్చిన మాటలు వచ్చినట్టు చెప్పండి. ఆయన అండగా నిలిస్తే చాలా మేలు. నిలవకపోతే కూడా మీకో సంగతి తెలుస్తుంది, అప్పుడు ఇంకో సంఘంలో కొన్నాళ్ళు ఆరాధించడం తప్పేమీ కాదు. ఎటూ హైదరాబాదు వెళితే కొత్త సంఘం వెతుక్కోవాల్సిందే.

దేవుడు నన్ను దేనికి సిద్ధం చేస్తున్నాడు అని అడిగారు. పరిచర్యా, సాక్ష్యమా, ఏదో పెద్దది రాబోతోందనీ, అది వస్తే ఈ ఏడాదిన్నరకు లెక్క సరిపోతుందనీ మీ మనసులో ఉన్నట్టుంది. అందరి కథా ఫరో సింహాసనం దగ్గర ముగియదు, సోదరీ. మీ ఉత్తరం ఆరో పేజీలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన నాలుగు లైన్లున్నాయి. టిఫిన్ తెచ్చుకోని పిల్లలు ఇప్పుడు తరగతిలో మీకు కనబడుతున్నారనీ, ఇంతకు ముందు కనబడేవారు కాదనీ రాశారు. మీ వీధిలో లారీ ప్రమాదంలో భర్త కాలు పోయిన అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ప్రార్థన చేద్దామని కూడా అనకుండా గిన్నెలు తోమి వచ్చానని రాశారు. ఏ శ్రమలో ఉన్నవాళ్ళనైనా ఆదరించగలిగేలా దేవుడు మనల్ని మన శ్రమలో ఆదరిస్తాడని రెండో కొరింథీ మొదటి అధ్యాయంలో ఉంది. ఆయన పని మీలో ఎప్పుడో మొదలైంది. దానికోసమే పలక జారవిడిచాడని నేను అనను, అనలేను. పడిన పలక కింద నుంచి కూడా ఆయన మంచిని తీయగలడని మాత్రం మీరు రాసిన ఆ నాలుగు లైన్లే చెబుతున్నాయి.

ఎంత కాలం అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. యెహోవా, ఎంత కాలం అని దావీదు 13వ కీర్తనలో వరసగా నాలుగుసార్లు అడిగాడు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో హల్లెలూయ కూడా లేదు, అయినా దాన్ని మన గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. ప్రార్థనకు మాటలు రావడం లేదన్నారు కదా, కొన్నాళ్ళు మీ సొంత మాటలు వెతుక్కోకుండా ఆ రెండు కీర్తనలు పైకి చదివి పడుకోండి.

మీ అబ్బాయి దగ్గర దేవుడి తరఫున వాదించకండి. వాడు అడిగింది నిజమైన ప్రశ్న, యోబు అడిగినలాంటిదే. నాకూ తెలియదురా, నేనూ ఆయన్ను అదే అడుగుతున్నాను అని చెప్పండి. తల్లి తన విశ్వాసం వదలకుండానే ఆ ప్రశ్న అడగగలదని వాడు చూడాలి. చర్చికి రమ్మని బలవంతం వద్దు. నాన్న నడుం సంగతిలో వాడు చేయగలిగిన పని ఒకటి అప్పగించండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు, జీతం ఆధారాలు, ఆ రోజు పక్కన ఉన్న తోటి పనివాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ వాడి చేత ఒక ఫైల్లో పెట్టించండి. రెండేళ్ళు ఎప్పటికి నిండుతాయో తేదీ ఆ ఫైలు మీద పెద్దగా రాయించి, వచ్చే వారమే ముగ్గురూ కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళండి. ఇచ్చిన దరఖాస్తు కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం బయటికి రాకండి.